పెదవి, అంగిలి చీలిక అంచు ముక్కల పరీక్షలు: ఏడు నెలల ప్రయోగశాల డైరీ

గ్రహణం మొర్రికి శస్త్రచికిత్స చేసేటప్పుడు చీలిక అంచును సన్నటి పట్టీలా చెక్కి తీసేస్తారు. రెండు అంచులూ పచ్చిగా ఉంటేనే కుట్టు అతుకుతుంది కనుక ఆ చెక్కడం తప్పనిసరి. తీసిన పట్టీ మామూలుగా ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలోకి పోతుంది. తల్లిదండ్రుల అనుమతితో ఆ పట్టీని తీసుకుని రెండు పనులు చేయడం మా ప్రాజెక్టు. సగం ముక్కను మైనంలో పెట్టి కోసి, రంగులు వేసి కణజాలం తీరు చూస్తాము. మిగిలిన సగాన్ని నూరి, కొల్లాజెన్‌ను (కణజాలానికి బలమిచ్చే పోగుల ప్రోటీను) తెంచే ఎంజైముల కుటుంబంలోని ఎంఎంపీ-2, ఎంఎంపీ-9లను జెలటిన్ జైమోగ్రఫీ పద్ధతిలో కొలుస్తాము. ఇందులో ఎంజైము ఉన్న చోట జెల్ మీద ఒక గీత, అంటే బ్యాండు, తేలుతుంది.

విశాఖపట్నంలో ఇదే పని మొదలుపెట్టబోయే పీజీ విద్యార్థుల కోసం, టెక్నీషియన్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. ఏడు నెలల్లో 26 ముక్కలు చేతికి వచ్చాయి. జెల్ లెక్కకు చివరిదాకా నిలిచినవి వాటిలో సగమే. ఒక్కో ముక్క వెనక ఒక పసిబిడ్డ, మమ్మల్ని నమ్మి సంతకం పెట్టిన ఒక తల్లి ఉన్నారు కనుక, మిగిలిన సగం ఎక్కడెక్కడ ఎలా పోయిందో వివరంగా రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

దశ 1: అనుమతి పత్రం (జూన్)

నైతిక సమితి మా దరఖాస్తును ఒకసారి వెనక్కి పంపింది. పోలిక కోసం చీలిక లేని పసిపిల్లల పెదవి కణజాలం కూడా కావాలని మేము రాశాము. 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలను ముందు పెట్టుకుని చదివిన సభ్యులు, చికిత్సలో భాగంగా ఎలాగూ తీసే ముక్కనే వాడాలి తప్ప పరిశోధన కోసం ఏ బిడ్డ పెదవినీ కోయడానికి వీలులేదని తేల్చి చెప్పారు. వారి మాట న్యాయమైనది. అందువల్ల మా పనిలో ఆరోగ్యవంతమైన పోలిక సమూహం లేదు. అదే పట్టీలో చీలిక వైపు అంచుకు, లోపలి వైపు అంచుకు ఉన్న తేడాను మాత్రమే స్లైడు మీద చూస్తాము. ఎంజైముల విషయంలో మా దగ్గర ఉన్నది వర్ణన మాత్రమే. ఈ పరిమితిని మొదటి రోజే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోకపోతే, డిసెంబరు వచ్చేసరికి 'ఎంజైము పెరిగింది' అని రాసేయాలనిపిస్తుంది. దేనికంటే పెరిగింది అని అడిగితే జవాబు ఉండదు.

రెండో మార్పు సమితి కోరినది కాదు. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబానికి నేను పత్రం చదివి వినిపిస్తున్నాను. అందులో 'గ్రహణం మొర్రి' అని ఉంది. బిడ్డ తల్లి తల దించుకుని వింటోంది. పక్కనున్న అమ్మమ్మ నన్ను ఆపి, "గ్రహణం నాడు కత్తిపీట ముట్టినాదని ఊరంతా దీన్నే అంతన్నారు బాబూ. మీ కాయితం మీద కూడా అదే రాసినారా?" అని అడిగింది. ఆ సాయంత్రమే పత్రం మార్చాను. ఇప్పుడు అందులో 'పుట్టుకతో వచ్చిన పై పెదవి చీలిక, అంగిలి చీలిక' అని ఉంటుంది. దాని కింద మూడు వాక్యాలు చేర్చాము: పిండంలో పై పెదవి ఆరేడు వారాలలోపే అతుక్కుంటుంది, అప్పటికి చాలామంది తల్లులకు గర్భం సంగతే సరిగా తెలియదు, ఈ చీలిక ఏ గ్రహణం వల్లా రాదు. వెతికేవారికి తెలిసిన మాట అదే కాబట్టి ఈ డైరీ మొదటి వాక్యంలో పాత మాటను ఉంచాను. ప్రపంచవ్యాప్తంగా సుమారు 700 జననాలకు ఒకరికి వచ్చే స్థితి ఇది. జన్యువులు, గర్భకాలపు పరిస్థితులు కలిసి దీనికి కారణమవుతాయి.

మార్చిన పత్రాన్ని సమితి మళ్లీ ఆమోదించేదాకా కొత్త సంతకాలు తీసుకోలేదు. అందుకు 17 రోజులు పట్టింది.

ఇప్పటివరకు లెక్క: సంతకాలు 4, ముక్కలు 0.

దశ 2: మొదటి అరగంట (జూలై)

పెదవికి శస్త్రచికిత్స సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్యలో జరుగుతుంది. పెదవి విషయంలో పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ అనే పాత లెక్కను ఇప్పటికీ చాలామంది పాటిస్తారు. మాకు అందే ముక్క సగటున నాలుగు మి.మీ. పొడవు, రెండు మి.మీ. వెడల్పు ఉంటుంది. తూచిన వాటిలో చిన్నది 11 మిల్లీగ్రాములు, పెద్దది 34 మిల్లీగ్రాములు. బియ్యపు గింజంత ముక్కను రెండుగా చేయాలి.

మొదటి ఆరు ముక్కలూ జెల్‌కు పనికిరాలేదు. మూడింటిని థియేటరులో అలవాటు ప్రకారం ఫార్మలిన్‌లో వేసేశారు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి బిగించి కట్టేస్తుంది, స్లైడుకు అది వరమే గానీ ఎంజైముకు మరణం. రెండు ముక్కలు శనివారం సెలైన్‌లో వేసి ఉండిపోయి సోమవారం నా చేతికి వచ్చాయి. వాటి కణాలు తమంతట తామే కుళ్లి, స్లైడు మీద కేంద్రకాలు కూడా రంగు పట్టలేదు. ఒకటి పొడి గాజుగుడ్డలో చుట్టి ఉంచగా ఎండి గుడ్డకు అంటుకుపోయింది. తప్పు థియేటరు సిబ్బందిది కాదు. ఏ ముక్కను దేనిలో వేయాలో నేను నోటిమాటగా చెప్పానే తప్ప, వాళ్ల చేతికి ఏమీ ఇవ్వలేదు.

అప్పుడు తయారుచేసిన పెట్టె ఇది. థియేటరు సిస్టర్ చెప్పిన రెండు సవరణలు కూడా ఇందులో ఉన్నాయి.

1. ఒక చిన్న థర్మాకోల్ పెట్టెలో నలగ్గొట్టిన ఐసు, రెండు గొట్టాలు. ఎర్ర మూత గొట్టంలో పది శాతం బఫర్డ్ ఫార్మలిన్, పచ్చ మూత గొట్టం ఖాళీ.
2. ముక్క తీయగానే చీలిక వైపు అంచుకు అగ్గిపుల్ల మొనతో నల్ల సిరా చుక్క. ఇది సిస్టర్ సూచన. ముక్క గొట్టంలో పడ్డాక ఏది ఏ వైపో ఎవరూ చెప్పలేరు.
3. కొత్త బ్లేడుతో పొడవునా కాకుండా అడ్డంగా రెండుగా కోయడం. అప్పుడే రెండు సగాల్లోనూ చీలిక అంచు, లోపలి అంచు ఉంటాయి.
4. ఒక సగం ఎర్ర మూతలోకి, ఒక సగం పచ్చ మూతలోకి. పచ్చ మూత గొట్టం వెంటనే ఐసులోకి.
5. చీటీ మీద పెన్సిలుతోనే రాత. ఆల్కహాల్ తగిలితే పెన్ను సిరా కరిగిపోతుంది. చీటీలో పేరు ఉండదు, సంకేత సంఖ్య, పెదవో అంగిలో, తీసిన సమయం మాత్రమే ఉంటాయి. సమయం రాయాలన్నది సిస్టర్ రెండో సూచన.

థియేటరు నుంచి ప్రయోగశాలకు జగదాంబ కూడలి మీదుగా పొద్దున తొమ్మిదిన్నరలోపు అయితే 20 నిమిషాలు, తర్వాత అయితే 45 నిమిషాలు పట్టింది. ఈ తేడా ఎంజైము మీద ఎంత పనిచేస్తుందో పసిబిడ్డల ముక్కల మీద పరీక్షించడం తగదు. ఆదివారం ఉదయం పూర్ణా మార్కెట్‌లో అప్పుడే కోసిన మేక పెదవి కొని, దాన్ని చిన్న ముక్కలు చేసి కొన్నిటిని ఐసులో, కొన్నిటిని గది వేడిలో 0, 30, 60, 120 నిమిషాలు ఉంచి తర్వాత జెల్‌లో వేశాను. ఐసులో ఉంచినవి రెండు గంటల దాకా ఒకేలా ఉన్నాయి. గది వేడిలో ఉంచిన వాటిలో గంట దాటాక 72 కిలోడాల్టన్ల (ప్రోటీను బరువు కొలత) దగ్గరి బ్యాండు కింద, 62 దగ్గర, మొదట్లో లేని మరో బ్యాండు తేలింది. అంటే ముక్క బయటికి వచ్చాక, నిద్రాణ రూపంలో ఉన్న ఎంఎంపీ-2 తెగి చురుకైన రూపంలోకి మారుతోంది. ఆ తెగిన బ్యాండును రోగ లక్షణంగా చదివే ప్రమాదం ఉంది. అందుకే నిబంధన పెట్టుకున్నాము: ఐసులోకి వెళ్లడానికి పది నిమిషాలు మించితే ఆ ముక్క జెల్‌కు పనికిరాదు. ఈ పద్ధతి నేర్చుకునేవారికి మేక పెదవి మంచి తోడు. బ్యాండ్లు దాదాపు అదే చోట వస్తాయి.

ఇప్పటివరకు లెక్క: వచ్చిన ముక్కలు 9. స్లైడుకు నిలిచినవి 5. జెల్‌కు నిలిచినవి 3.

దశ 3: మైనం, బ్లేడు, రంగు (ఆగస్టు)

పైలెక్కలో పెట్టె పద్ధతిలో వచ్చిన మూడింటిలో ఒకటి స్లైడు దగ్గర పోయింది. కారణం బ్లాకులో ముక్కను పడుకోబెట్టి మైనం పోయడం. అలా చేస్తే బ్లేడు ఎపిథీలియం అనే పై కణాల పొరకు సమాంతరంగా వెళ్లి, స్లైడు మీద ఎపిథీలియం దీవుల్లా కనిపిస్తుంది, దాని మందం కొలవడం అసాధ్యం. సిరా చుక్క ఒక పక్కకు కనిపించేలా ముక్కను అంచు మీద నిలబెట్టి పోయాలి. వేడి చేసిన సన్న పట్టకారుతో మైనం గట్టిపడేదాకా పట్టుకోవాలి, అందుకు నాకు 40 సెకన్లు పడుతోంది.

ఇంకొక ముక్క పెళుసెక్కి బ్లేడు కింద పొడిగా రాలింది. ముక్కల్లో తడి తీసి మైనం ఎక్కించే మా ప్రాసెసర్ యంత్రం రాత్రంతా నడిచే 14 గంటల చక్రం పెద్ద కణితి ముక్కలకు ఉద్దేశించినది. బియ్యపు గింజంత ముక్క అంతసేపు ఆల్కహాల్‌లో, జైలీన్‌లో నానితే అందులో తడి పూర్తిగా పోయి గాజులా అవుతుంది. ఒక్కో పాత్రలో 20 నిమిషాల చొప్పున చేతితో మార్చే చిన్న చక్రానికి మారాము. ఆ తర్వాత ఏ ముక్కా రాలలేదు.

సముద్రపు గాలి ఇక్కడ ప్రతి ఇనుప వస్తువునూ తింటుంది. విప్పి ఉంచిన మైక్రోటోము (మైనపు బ్లాకును పలుచగా కోసే యంత్రం) బ్లేడు మీద నాలుగు రోజుల్లో కంటికి కనబడని తుప్పు పట్టి, కోతల మీద నిలువు గీతలు పడ్డాయి. నేను ఆ గీతలను మొదట కొల్లాజెన్ చీలికలనుకున్నాను. అదే బ్లేడుతో కోసిన మరో కణజాలంలోనూ అదే చోట గీతలు కనిపించాక తెలిసింది. అప్పటి నుంచి బ్లేడ్లను సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచుతున్నాను.

రంగుల్లో హెమటాక్సిలిన్-ఇయోసిన్ ఎలాగూ తప్పదు. కొల్లాజెన్ కోసం పిక్రోసిరియస్ రెడ్ వేసి పోలరైజ్డ్ కాంతిలో చూశాము. మందపాటి కట్టలు నారింజ, ఎరుపు రంగుల్లో, సన్నటి పోగులు ఆకుపచ్చగా మెరుస్తాయి. కానీ ఈ రంగు పోగు మందం మీదే కాక కోత మందం మీద, పోగు తిరిగిన దిశ మీద కూడా ఆధారపడుతుంది. నాలుగు మైక్రోమీటర్లనుకున్న కోత ఏడయితే ఆకుపచ్చ పోగు కూడా పసుపుగా కనిపించింది. కాబట్టి ఒకే బ్యాచిలో, ఒకే మందంలో కోసిన స్లైడులనే పోల్చాలి. స్లైడును పీఠం మీద తిప్పుతూ కనీసం రెండు దిశల్లో ఫోటో తీయాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ రంగులో వాడే పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలే గుణం ఉంది. సీసాలోది తడిగా ఉందో లేదో చూడకుండా ఎప్పుడూ మూత తిప్పవద్దు.

స్లైడుల మీద కనిపించినది ఇది. పెదవి ముక్కల్లో చీలిక అంచు దగ్గర కొల్లాజెన్ పోగులు సన్నగా, దిశ లేకుండా చెదిరి ఉంటే, లోపలి అంచుకు వెళ్లేకొద్దీ అవి కట్టలుగా కూడి ఒక వరుసకు వస్తున్నాయి. అంగిలి ముక్కల్లో ఎపిథీలియం మందంగా ఉండి, దాని కింద లింఫోసైట్లు అనే తెల్లకణాలు గుంపులుగా ఉన్నాయి. అంగిలి చీలిక ఉన్న బిడ్డకు నోరు, ముక్కు ఒకటే గది అని, పాలు, గాలి, చీమిడి నెలల తరబడి ఆ అంచును తాకుతూ ఉంటాయని గుర్తుంచుకుంటే ఆ గుంపులు ఆశ్చర్యం కలిగించవు.

ఒక గమనికను నేను పూర్తిగా ఉపసంహరించుకున్నాను. మొదటి ఐదు స్లైడుల్లోనూ పోగుల మధ్య ఖాళీలు చూసి 'కణజాలంలో నీరు చేరింది' అని తీవ్రతను బట్టి అంకెలు వేశాను. శస్త్రచికిత్స నిపుణులకు స్లైడు చూపించగానే, "కోసే ముందు మేము అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ అంచులోకి ఎక్కిస్తామండీ, ఆ నీరే ఇది" అన్నారు. రక్తస్రావం తగ్గించడానికి ఎక్కించే ఆ మందు పోగులను విడదీస్తుంది. ఆ నిలువు వరుస మొత్తాన్ని పట్టిక నుంచి తీసేశాము. అలాగే అంగిలి ముక్క అంచు విద్యుత్ కత్తి వేడికి మాడి ఉంటే, మాడిన చోటు నుంచి అర మి.మీ. దాకా ఏ కొలతా తీసుకోవడం లేదు.

కండర పోగుల్లో సక్సినేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును చూపే రంగు వేయాలన్న ఆలోచన కూడా ఉండేది. చీలిక పెదవిలో నోటి చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ కండరం మధ్యలో కలవక, ముక్కు రెక్క మొదలు వైపు తిరిగి అతుక్కుని ఉంటుంది. కానీ ఆ కండరాన్ని విడదీసి మధ్యకు తెచ్చి కుట్టడమే శస్త్రచికిత్సలో కీలకం కనుక ఒక్క పోగు కూడా వృథాగా తీయరు. ఆ ఆలోచన వదిలేశాము.

ఇప్పటివరకు లెక్క: వచ్చిన ముక్కలు 14. స్లైడుకు నిలిచినవి 9. జెల్‌కు నిలిచినవి 8.

దశ 4: ఖాళీ జెల్‌లు (సెప్టెంబరు, అక్టోబరు)

పద్ధతి సూత్రం సులువు. పాలీఆక్రిలమైడ్ జెల్ పోసేటప్పుడే అందులో జెలటిన్ కలుపుతాము. నమూనాలోని ప్రోటీన్లు కరెంటుతో బరువును బట్టి విడిపోయాక, ఎంజైముకు మళ్లీ ప్రాణం పోసి 37 డిగ్రీల వద్ద ఉంచితే, అది ఉన్న చోట జెలటిన్‌ను తినేస్తుంది. నీలం రంగు వేస్తే జెల్ అంతా నీలంగా, ఎంజైము ఉన్న చోట తెల్లటి గీతగా కనిపిస్తుంది. ఎంఎంపీ-9 నిద్రాణ రూపం 92 కిలోడాల్టన్ల దగ్గర, ఎంఎంపీ-2 నిద్రాణ రూపం 72 దగ్గర, దాని చురుకైన రూపం 62 దగ్గర వస్తాయి.

మొదటి రెండు జెల్‌లు అంచు నుంచి అంచు దాకా నీలం. వెస్టర్న్ బ్లాట్‌కు (ప్రోటీన్లను గుర్తించే మరో జెల్ పద్ధతి) అలవాటుపడిన చేయి నమూనాలో మెర్కాప్టోఇథనాల్ కలిపి, ఐదు నిమిషాలు మరిగించింది. రెండూ ఎంజైము మడతను తిరిగి రాకుండా విప్పేస్తాయి. మూడో జెల్‌లో ట్రైటాన్ అనే డిటర్జెంటుతో కడుగుడు 15 నిమిషాలకే ఆపాను. ప్రోటీన్ల మడత విప్పడానికి జెల్‌లో వాడే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు బయటికి పోక బ్యాండ్లు పొగమంచులా వచ్చాయి. నాలుగో జెల్ నడిచేటప్పుడే వేడెక్కి బ్యాండ్లు నవ్వుతున్న పెదవిలా వంగాయి. ఐదో దానికి ఫిషింగ్ హార్బరు దగ్గరి ఐసు దిమ్మ కొని ట్యాంకు చుట్టూ పేర్చాక గీతలు నిటారుగా వచ్చాయి.

అక్టోబరు రెండో వారంలో అల్పపీడనపు వాన. రాత్రి కరెంటు పోయింది, జనరేటరు ఇంక్యుబేటరు ఉన్న లైనుకు లేదు. పొద్దున వెళ్లేసరికి లోపల 29 డిగ్రీలు. ఎంతసేపు పోయిందో ఎవరికీ తెలియదు. రెండు జెల్‌లు కళ్లముందు అందంగానే ఉన్నాయి గానీ, వాటి గీతల తెలుపును మరో రోజు జెల్‌తో పోల్చే ఆధారం నా దగ్గర లేదు. రెండింటినీ కొట్టివేశాను. ఈ నష్టమే నాకు ఒక పెద్ద లోపాన్ని చూపించింది. ప్రతి జెల్‌లోనూ ఒకే ప్రామాణిక నమూనా ఒక వరుసలో ఉండాలి, మిగిలిన బ్యాండ్లన్నీ దానికి ఎన్నో వంతో చెప్పాలి. అది లేకుండా రెండు జెల్‌ల అంకెలను ఒకే పట్టికలో రాయకూడదు.

ఇప్పుడు నడుపుతున్న పద్ధతి:

1. పది మిల్లీగ్రాముల కణజాలానికి వంద మైక్రోలీటర్ల బఫరు. అందులో 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ ఉప్పు, 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడు, ఒక శాతం ట్రైటాన్. ఈడీటీఏ ఉన్న నిరోధక మాత్రలు వాడవద్దు, ఈ ఎంజైములు పనిచేయడానికి కావలసిన కాల్షియంను, జింకును అది లాక్కుంటుంది.
2. ఐసు మీద చిన్న రోకలితో నూరి, నాలుగు డిగ్రీల వద్ద 12,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పి పైనీరు తీసుకోవడం.
3. ప్రోటీను కొలతకు బీసీఏ పద్ధతి. బ్రాడ్‌ఫర్డ్‌తో కొలిస్తే ట్రైటాన్ వల్ల ఖాళీ బఫరే ప్రోటీను ఉన్నట్టు చూపించింది. బీసీఏతో మాకు మిల్లీలీటరుకు 1.8 నుంచి 3.6 మిల్లీగ్రాములు వస్తోంది.
4. ఎనిమిది శాతం జెల్, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము జెలటిన్. జెలటిన్‌ను 50 డిగ్రీల నీటిలో పూర్తిగా కరిగించి చల్లార్చాకే కలపాలి. గట్టిపడని ఆక్రిలమైడ్ నరాలకు విషం, చేతితొడుగు లేకుండా తాకవద్దు.
5. వరుసకు పది మైక్రోగ్రాముల ప్రోటీను. మరిగించకుండా, మెర్కాప్టోఇథనాల్ లేకుండా. 110 వోల్టులు, చుట్టూ ఐసు.
6. 2.5 శాతం ట్రైటాన్‌లో అరగంట చొప్పున రెండుసార్లు కడగడం.
7. 50 మిల్లీమోలార్ ట్రిస్, 10 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడు, ఒక మైక్రోమోలార్ జింకు క్లోరైడు ఉన్న బఫరులో 37 డిగ్రీల వద్ద 18 గంటలు. జెల్‌లో ఒక పట్టీని కోసి, వేరే పాత్రలో అదే బఫరుకు 20 మిల్లీమోలార్ ఈడీటీఏ చేర్చి ఉంచడం. అక్కడ బ్యాండు మాయమైతేనే మిగతా చోట కనిపించినది ఈ కుటుంబపు ఎంజైము అని చెప్పగలం.
8. కూమాసీ నీలం గంట, తర్వాత గీతలు తేలేదాకా రంగు దించడం.

ఇప్పటివరకు లెక్క: వచ్చిన ముక్కలు 21. స్లైడుకు నిలిచినవి 16. జెల్‌కు నిలిచినవి 15. పోసిన జెల్‌లు 11, చదవదగినవి 4.

దశ 5: వేలి రక్తం చెప్పిన సంగతి (నవంబరు)

ప్రామాణిక నమూనాగా సాధారణంగా హెచ్‌టీ-1080 అనే కణాలు పెరిగిన ద్రవాన్ని వాడతారు. మా దగ్గర కణాలను పెంచే సౌకర్యం లేదు. మనిషి వేలి కొన రక్తాన్ని పలుచన చేసి వాడినా రెండు ఎంజైములూ కనిపిస్తాయని బయోకెమిస్ట్రీ మేడం చెప్పారు. సమితికి తెలియజేసి, నా వేలి నుంచే రక్తం తీసి, నమూనా బఫరులో 20 రెట్లు పలుచన చేసి, చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో పెట్టాను. జెల్‌లో నాలుగు గీతలు వచ్చాయి: 225 దగ్గర ఎంఎంపీ-9 జంట రూపం, 130 దగ్గర అది ఎన్‌గాల్ అనే ప్రోటీనుతో కలిసిన రూపం, 92, 72.

ఆ జెల్‌ను కాంతిపెట్టె మీద పెట్టి చూసిన క్షణం నాకు బాగా గుర్తుంది. పక్క వరుసల్లో మా అంగిలి ముక్కలు ఉన్నాయి. వాటిలో ఆరింటిలోనూ అవే నాలుగు గీతలు, అదే వరుసలో ఉన్నాయి. రెండు నెలలుగా 'అంగిలి అంచులో ఎంఎంపీ-9 బలంగా ఉంది' అని నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చినది చాలా వరకు ముక్కలో మిగిలిన రక్తమే. ఎన్‌గాల్‌తో కలిసిన ఎంఎంపీ-9 న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల గుర్తు. కణజాలంలో కొల్లాజెన్ తయారుచేసే కణాలైన ఫైబ్రోబ్లాస్టులు దాన్ని ఆ రూపంలో విడుదల చేయవు. 130 దగ్గర గీత ఉందంటే రక్తమో, లాలాజలంతో వచ్చిన తెల్లకణాలో, నిజంగానే వాచిన కణజాలమో చూసుకోవాలి. జెల్ ఒక్కటే ఆ మూడింటినీ విడదీయలేదు.

విడదీయడానికి చేసినవి రెండు. మొదటిది, బాగా కడిగిన మేక పెదవి పైనీటికి నా రక్తాన్ని 0, 0.5, 1, 2 శాతం కలిపి అదే జెల్‌లో నడిపాను. రెండు శాతంలో 92 గీత స్పష్టంగా, ఒక శాతంలో సన్నగా వచ్చింది, అర శాతంలో కనిపించలేదు. అవే నమూనాలను 415 నానోమీటర్ల వద్ద స్పెక్ట్రోఫోటోమీటరులో చదివితే, హిమోగ్లోబిన్ ఆ తరంగదైర్ఘ్యాన్ని గట్టిగా పీల్చుకుంటుంది కనుక, ఎంత రక్తం ఉందో అంకె రూపంలో తెలిసింది. అర శాతం నమూనా చూపిన విలువను హద్దుగా పెట్టుకుని నిల్వలో ఉన్న 15 పైనీళ్లనూ కొలిచాను. ఆరు హద్దు దాటాయి. వాటిని పక్కన పెట్టడానికి నాకు ఒక రోజంతా పట్టింది, ఎందుకంటే అవే మా పట్టికలో అన్నిటికంటే పెద్ద అంకెలు.

రెండోది, పెట్టె పద్ధతిలో ఒక మెట్టు చేర్చడం. ముక్కను రెండుగా కోశాక, పచ్చ మూతలోకి వెళ్లే సగాన్ని చల్లటి సెలైన్ ఉన్న మూడు చిన్న గిన్నెల్లో వరుసగా పది సెకన్ల చొప్పున ఆడించి, వడపోత కాగితం అంచుకు తాకించి గొట్టంలో వేయాలి. ఇందుకు ఒక నిమిషం లోపే పడుతుంది. ఆ తర్వాత వచ్చిన ఐదు ముక్కల్లో ఒక్కటి మాత్రమే హద్దు దాటింది.

కొలత గురించి ఒక మాట. జెల్‌ను ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద స్కాన్ చేసి, ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేరులో రంగులు తిరగేసి బ్యాండు వైశాల్యం చదువుతున్నాము. ఒకే నమూనాను 2.5, 5, 10, 20 మైక్రోగ్రాములుగా వేస్తే పది దాకా అంకె పరిమాణంతో పాటు పెరిగింది. ఇరవైలో జెలటిన్ అంతా అప్పటికే తినేయబడి అంకె అక్కడే ఆగిపోయింది. ఈ పరీక్ష చేయకుండా 20 వేసి ఉంటే అన్ని ముక్కలూ ఒకేలా ఉన్నాయని రాసేవాళ్లం.

ఇప్పటివరకు లెక్క: వచ్చిన ముక్కలు 26. స్లైడుకు నిలిచినవి 21. జెల్‌కు దాచినవి 20, రక్తపు హద్దు దాటనివి 13. పోసిన జెల్‌లు 19, చదవదగినవి 10.

దశ 6: అంకె దేనిది (డిసెంబరు)

మిగిలిన 13 ముక్కల్లోనూ 72 గీత ఉంది. 62 గీత కొన్నిటిలోనే ఉంది. 92 గీత పెదవి ముక్కల్లో లేదు లేదా సన్నగా ఉంది, అంగిలి ముక్కల్లో కొన్నిటిలో మిగిలింది. ఆ మిగిలిన అంగిలి ముక్కల స్లైడులు తీసి చూస్తే ఎపిథీలియం కింద తెల్లకణాల గుంపులు దట్టంగా ఉన్నవి అవే. స్లైడు, జెల్ ఒకే పట్టీ నుంచి తీసినందువల్లే ఈ జత కుదిరింది. అడ్డంగా కోయాలన్న మూడో మెట్టును ఎవరూ వదలవద్దని అందుకే కోరుతున్నాను.

ఈ అంకెలను రాసేటప్పుడు రెండు చోట్ల చేయి ఆపుకోవాలి. మొదటిది 'చురుకుదనం' అన్న మాట. ఈ ఎంజైములు పుట్టినప్పుడు ముందు భాగంలోని ఒక సిస్టీన్ లోపలి జింకును మూసి ఉంచుతుంది. జెల్‌లోని ఎస్‌డీఎస్ ఆ మూతను తెరిచేస్తుంది కాబట్టి బిడ్డ నోటిలో నిద్రపోతున్న ఎంజైము కూడా జెల్ మీద జెలటిన్‌ను తింటుంది. కణజాలంలో ఈ ఎంజైములను పట్టి ఆపే టింప్ ప్రోటీన్లు కూడా జెల్‌లో విడిపోతాయి. 92, 72 గీతలు ఎంజైము ఎంత ఉందో చెబుతాయి. అది అక్కడ నిజంగా పనిచేస్తోందో లేదో చెప్పవు. మా పట్టికలో ఆ నిలువు వరుస పేరును 'ఎంజైము చురుకుదనం' నుంచి 'జెలటినేజ్ పరిమాణం' అని మార్చాము.

రెండోది కాలం. పిండంలో అంగిలి రెండు పలకలుగా, నాలుకకు ఇరుపక్కలా కిందికి వేలాడుతూ మొదలవుతుంది. ఎనిమిదో వారం ప్రాంతంలో అవి పైకి లేచి అడ్డంగా తిరిగి, మధ్యలో ఒకదాన్నొకటి తాకుతాయి. తాకిన చోట ఏర్పడిన ఎపిథీలియం అతుకు కరిగితేనే ఇరువైపుల కణజాలం ఒకటవుతుంది. అందుకు ఆధార పొరలోని నాలుగో రకం కొల్లాజెన్, లామినిన్ తెగాలి, ఈ కుటుంబపు ఎంజైముల అసలు పని అక్కడ. టీజీఎఫ్-బీటా 3 అనే సంకేత ప్రోటీను జన్యువు లేని చిట్టెలుకల్లో పలకలు దగ్గరికి వచ్చినా అతుకు కరగదని 1995లో రెండు బృందాలు చూపించాయి. మా ముక్కలు ఆ ఘట్టం ముగిసిన సుమారు ఏడాదికో, రెండేళ్లకో తీసినవి. అవి ఇప్పటి పుండు గురించి, ఇప్పటి వాపు గురించి, ఇప్పుడు కుట్టబోయే అంచు ఎంత మెత్తగా ఉందన్న దాని గురించి మాట్లాడతాయి. చీలిక ఎందుకు వచ్చిందో వాటిని అడగకూడదు. శస్త్రచికిత్స నిపుణులకు పనికొచ్చే ప్రశ్న కూడా ఇదేనని నా అభిప్రాయం. అంగిలి కుట్టు విడిపోయి రంధ్రం మిగిలే పిల్లల్లో, కుట్టిన రోజున అంచు ఎంత వాచి ఉందో తెలిస్తే, ఆ బిడ్డకు రెండోసారి మత్తు ఇవ్వకుండా చూసుకునే దారి దొరకవచ్చు. 13 ముక్కలతో ఆ మాట తేలదు. అందువల్ల చీటీ వెనక కొత్తగా ఒక గడి చేర్చాము: కుట్టిన మూడు నెలలకు కుట్టు నిలిచిందా, రంధ్రం ఉందా.

పై 26లో చేరని చివరి ముక్క ఒకటి డిసెంబరు 19న వచ్చింది. అంగిలి, 14 నెలలు, తీసిన సమయం 8.52, ఐసులోకి 8.55. చీటీ మీద సిస్టర్ పెన్సిలుతో 'మూడు గిన్నెలూ అయ్యాయి' అని రాసి పంపారు. 415 దగ్గర విలువ హద్దులో మూడో వంతు. దాని జెల్ సోమవారం పోస్తాను, రెండో వరుసలో వేలి రక్తంతో, చివరి పట్టీ ఈడీటీఏ పాత్రలో.